మా ఎడమచేతి బండి

మనుష్యులకు వలెనే బండ్లకు కూడ వంశాలు, ఇంటిపేర్లు ఉంటవని మేము చిన్నతనంలోనే తెలుసుకొన్నాము. తిరుత్తణిలో మా వీధి ముసలివాళ్ళు దారి చెప్పేటప్పుడు “సెవర్లెట్టువాళ్ళ ఇంటి తరువాత సందు”, “ఫార్గోవాళ్ళ మిద్దెకు ఎదురు” అని గుర్తులు చెప్పేవారు. ఆ ఇండ్లవారి తాతలు ఎప్పుడో ఆ పేర్లుగల అమెరికా బండ్లను నడిపినారు. బండ్లు పోయినవి, పేర్లు నిలిచినవి. శుభలేఖలలో అచ్చువేసుకొనే ఇంటిపేరు మాకు వేరే ఉన్నది గాని, బజారులో మాత్రం మేము “డాడ్జివాళ్ళము.”

మన పత్రికలో గుళ్ళను గురించి, వంటలను గురించి, పెద్దలను గురించి చక్కని వ్యాసాలు ఎన్నో వచ్చినవి. పాత ఇనుప బండిని గురించి వ్రాయబూనడం చూచి కొందరు చదువరులు నవ్వుకోవచ్చును. నవ్వినా మంచిదే. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలలో అనేకులకు అన్నం పెట్టినది రెండు ఎద్దుల బండి అయితే, దాని తరువాత ఆ పని చేసినది అమెరికా నుంచి వచ్చిన చిన్న లారీ. ఎద్దులకు కనుమనాడు పసుపు కుంకుమలు పెట్టినాము. లారీని గురించి నాలుగు ముక్కలు వ్రాసుకొంటే తప్పేమి?

మేము తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో గుమాస్తా పని చేస్తున్నాము. చదువు పదో తరగతితో సరి. పగలంతా తమిళంలో ఫైళ్ళు వ్రాసి, సాయంత్రం రైలెక్కి అరక్కోణం మీదుగా తిరుత్తణి చేరి, తెలుగులో అన్నం తినడం మా దినచర్య. కనుక ఇంజినీర్లు వ్రాసినట్లు వ్రాయడం మా వల్ల కాదు. ఇంట్లో విన్నవి, కండ్లతో చూచినవి, పుస్తకాలలో చదివి సరిచూచుకొన్నవి మాత్రం వ్రాస్తాము.

అమెరికావారు ‘పికప్’ అనే బండిని మనవారు చిన్న లారీ అన్నారు, వ్యాను అన్నారు, ఒట్టి బండి అన్నారు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చొనే చోటు, వెనుక పైకప్పు లేని తొట్టి. దాని రూపమంతా అంతే. అది పుట్టిన తీరు మాత్రం మనకు బాగా అర్థమయ్యేదే. అక్కడి రైతులు మొదట కారు కొని, దాని వెనుక భాగం ఊడదీయించి, ఊరి వడ్రంగిచేత కొయ్యపెట్టె బిగించుకొని, కూరగాయలు, గడ్డి వేసుకొని పోయేవారు. ఇది చూచి హెన్రీ ఫోర్డు కంపెనీ 1917లో ఒక టన్ను మోసే ‘టీ టీ’ లారీని, 1925లో తన ‘మోడల్ టీ’ కారుకే ఫ్యాక్టరీలో తొట్టి బిగించిన బండిని అమ్మకానికి పెట్టినది. ఆ రెండవదాని ధర 281 డాలర్లు. అప్పటి మారకంలో మన డబ్బు సుమారు 770 రూపాయలు. అంటే పికప్పును మొదట కనిపెట్టినవాడు ఇంజినీరు కాడు, అవసరం గల రైతు, అతని ఊరి వడ్రంగి. ఈ సంగతి చదివినప్పుడు, మా తాతగారి బండికి టేకుపలకలతో తొట్టి కట్టిన తిరుత్తణి ఆచారిగారు గుర్తుకు వచ్చి మాకు సంతోషం కలిగినది.

ఆ రోజుల్లో అమెరికాలో బండ్ల కంపెనీలు చాల ఉండేవి. స్టూడిబేకర్ అన్నదమ్ములు 1852లో కమ్మరికొలిమి పెట్టి, గుర్రపు బండ్లు చేసి, ఆ తరువాత మోటార్లలోకి దిగినారు. డాడ్జి అన్నదమ్ములు మొదట ఫోర్డుకు విడిభాగాలు చేసి ఇచ్చి, 1914లో తమ పేరుతో కారు తెచ్చినారు. ఇద్దరూ 1920లోనే ఒకరి తరువాత ఒకరు చనిపోయినారు. వారి కంపెనీని 1928లో క్రైస్లర్ కొన్నది. అదే డాడ్జి లారీకి వేరే పేరు తగిలించి ‘ఫార్గో’ అని విదేశాలలో అమ్మినది. కాబట్టి మా వీధిలో ఫార్గోవాళ్ళు, డాడ్జివాళ్ళు దాయాదులేనన్నమాట! ఈ సంగతి తెలియక రెండిండ్ల తాతలూ ఎవరి బండి గొప్ప అని అరుగుల మీద కూర్చొని ఎన్ని సాయంకాలాలు వాదించుకొన్నారో!

మన దేశానికి ఈ బండ్లు రెండు దారులలో వచ్చినవి. ఒకటి వ్యాపారపు దారి. బొంబాయిలో 1926లో ఫోర్డు కంపెనీ, 1928లో షెవర్లే చేసే జనరల్ మోటార్స్ కంపెనీ వచ్చినవి. విడిభాగాలు ఓడలలో తెప్పించి ఇక్కడ బిగించి అమ్మేవారు. దక్షిణాదిన మధురలోని టి.వి. సుందరం అయ్యంగారి సంస్థవంటివి వాటిని పల్లెల దాకా చేర్చినవి. రెండవది యుద్ధపు దారి. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా, చైనా రంగాల కోసం అమెరికా సైన్యం మన దేశానికి లెక్కలేనన్ని లారీలు దింపినది. అస్సాములోని లీడో నుంచి చైనాలోని కున్మింగ్ దాకా వెయ్యి మైళ్ళకు పైగా అడవులలో, కొండలలో వేసిన దారి మీద 1945లో అవి బారులు తీరి నడిచినవి. యుద్ధం ముగిసిన తరువాత వాటిని ఓడలెక్కించి తిరిగి తీసుకొనిపోవడం గిట్టుబాటు కాలేదు. 1946లో ఆ మిగులు సామగ్రిని గురించి రెండు ప్రభుత్వాలకు ఒప్పందం కుదిరినది. ‘డిస్పోజల్స్’ అనే మాట అప్పుడే మన ఇండ్లలోకి వచ్చినది. డిస్పోజల్సు జీపు, డిస్పోజల్సు గుడారం, డిస్పోజల్సు దుప్పటి. మా అవ్వ దగ్గర ఒక డిస్పోజల్సు నీళ్ళసీసా కూడ ఉండేది, కొట్టినా సొట్టపడనిది.

మా తాతగారు బండ్లలోకి వచ్చినది బొగ్గుబస్సు క్లీనరుగా. యుద్ధకాలంలో పెట్రోలుకు కరువు వచ్చి బస్సుల వెనుక బొగ్గు పొయ్యి బిగించినారు. కొయ్యబొగ్గును గాలి చాలీచాలనట్లు మండిస్తే పుట్టే వాయువును చల్లార్చి, వడగట్టి, ఇంజనులోకి పంపేవారు. దానితో ఇంజను నడిచేది గాని, పెట్రోలుతో వచ్చే బలంలో మూడవ వంతో, ఇంకా ఎక్కువో తగ్గిపోయేది. తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేసి, విసనకర్ర చక్రం త్రిప్పి, గ్యాసు పట్టేదాకా కాచుకొని ఉండడం క్లీనరు పని. ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి త్రోసేవారు. “టిక్కెట్టు కొన్నది కూర్చోవడానికా, త్రోయడానికా?” అని అడిగినవారికి తాతగారు, “రెండింటికీ ఒకే టిక్కెట్టు అయ్యా, మీకు లాభమే” అని జవాబు చెప్పేవారట.

1947 మొదట్లో, నూలు వ్యాపారం చేసే ఒక స్నేహితునితో కలిసి, మా అవ్వ గొలుసు కుదువబెట్టి, తాతగారు మదరాసులో డిస్పోజల్సు వేలంలో ఒక డాడ్జి కొన్నారు. అది సైన్యం వాడిన ముక్కాలు టన్ను బండి. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. నాలుగు చక్రాలకూ బలం అందుతుంది; ముందు చక్రాలకు బలం ఇవ్వడానికి గేరు రాడ్డు ప్రక్కన ఇంకొక రాడ్డు. తలుపులు లేవు. ముందు అద్దం మడిచి బానెట్టు మీద పడుకోబెట్టవచ్చును. ముక్కున నిలువు ఇనుప ఊచలు. డాడ్జి కార్ల ముక్కు మీద 1930ల నుంచి పొట్టేలు బొమ్మ ఉండేదట గాని, మాది సిపాయి బండి కనుక దానికి అటువంటి నగలేమీ లేవు. మా అవ్వ దానిని మొదటిసారి చూచి, “ఇదేమి బండి, కిటికీకి చక్రాలు పెట్టినట్లుంది” అన్నదట. పెండ్లి గొలుసు పోయినదన్న కోపం కూడ ఆ మాటలో కొంత ఉండవచ్చును. ఆ గొలుసును తాతగారు మూడేండ్లకు విడిపించినారు. ఆ మాట మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నది.

దానికి అన్నిటికంటే పెద్ద విశేషం, స్టీరింగు ఎడమ ప్రక్కన ఉండడం. అమెరికాలో బండ్లు దారికి కుడివైపున నడుస్తవి గనుక అక్కడ అదే సరి. ఇక్కడ డ్రైవరు కాలువగట్టు ప్రక్కన కూర్చొన్నట్లు ఉండేది. ముందు పోయే ఎద్దుబండిని దాటవలెనంటే ఎదురుగా ఏమి వస్తున్నదో ఆయనకు కనిపించదు. కనుక కుడిప్రక్కన కూర్చొన్న క్లీనరే కన్ను. అతడు తల బయటకు పెట్టి చూచి “రైట్!” అంటేనే బండి కదలవలె. మా తాతగారు తరచుగా ఒక మాట అనేవారు: “బండి ఒకడు నడపలేడురా. చెయ్యి నాది, కన్ను వాడిది.” ఆయన దగ్గర పనిచేసిన క్లీనర్లలో ఒక్కరినైనా దెబ్బలాడి పంపిన దాఖలా లేదు. తన కన్నును తాను ఎవరు తిట్టుకొంటారు?

మరొక చిక్కు. మిగులు చక్రం ఎడమ ప్రక్కన, సరిగ్గా డ్రైవరు మోచేతి దగ్గర వ్రేలాడేది. ఆ ప్రక్కనుంచి ఎక్కడానికి వీలులేదు. కుడిప్రక్కన ఎక్కి, సీటు మీద జరుగుతూ పోయి స్టీరింగు పట్టుకోవలసినదే. అన్నట్టు, మిగులు చక్రాన్ని మనం ‘స్టెప్నీ’ అంటాము గదా, ఆ మాట అమెరికాది కాదు. ఇంగ్లండు ప్రక్కనున్న వేల్సు దేశంలో లానెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ వీధి ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో ఆ వీధిలోని అన్నదమ్ములు మిగులు చక్రాన్ని కనిపెట్టి ఆ పేరుతో అమ్మినారు. ఎక్కడో ఒక వీధి పేరు మన పల్లెటూరి క్లీనరు కుర్రవాని నోట ఇంకా నలుగుతున్నది.

ఆ బండి మోయని సరకు లేదు. తిరుత్తణి, పళ్ళిపట్టు, పొదటూరుపేట, అమ్మయారుకుప్పం ప్రాంతాలు మగ్గాల నేల. మదరాసు నుంచి నూలు కట్టలు వచ్చేవి. ఇక్కడినుంచి నేసిన లుంగీలు, చీరలు పోయేవి. వాన వస్తే నూలు తడుస్తుంది, తడిసిన నూలుకు వెల లేదు. అందుకని తొట్టికి నాలుగు మూలల గుంజలు పాతి టార్పాలిను కట్టినారు. నగరి వైపు కొండవాగులు పొంగినప్పుడు పెద్ద లారీలు ఆగిపోయినా, మా బండి నాలుగు చక్రాల మీద ప్రాకుతూ దాటేదని చెప్పుకొనేవారు. మగ్గం ఆగితే ఆ రోజు పొయ్యి వెలగని ఇండ్లు ఉండేవి. వానలో నూలు చేర్చిన బండికి ఆ ఇండ్లవారు దండం పెట్టేవారట. ఈ మాట మా తాతగారు గొప్ప కోసం చెప్పినది కాదు; ఆ ఇండ్లవారే మాతో చెప్పినారు.

సరకు లేని రోజులలో అది మనుష్యులను మోసేది. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావళ్ళు మోసే భక్తులు; అమావాస్యనాడు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటిలో బెల్లం వేసే మొక్కుబడివారు; నెలలు నిండి అరక్కోణం పోవలసిన ఆడవారు; పెండ్లివారు. మా మేనత్తను అత్తవారింటికి పంపినది ఆ తొట్టిలోనే. జంబుఖానా పరచి, అరటిపిలకలు కట్టి, ప్రక్కన సారె బుట్టలు పెట్టి పంపినారు. దారిలో బుట్ట ఒరిగి అరిసెలన్నీ బండిలో దొర్లినవనీ, అత్తవారు వాటిలో డీజిలు వాసన వచ్చినదని ఇప్పటికీ దెప్పుతారనీ ఆమె చెప్తుంది. అప్పుడు అది పెట్రోలు బండి అని మేము సవరిస్తే, “వాసన వాసనే లేరా” అంటుంది.

ఇక ఈ బండికి జరిగిన ఒక వింత చెప్పవలె. తిరుత్తణి ఆనాడు చిత్తూరు జిల్లాలోది. బండి కొన్నప్పుడు మా ఊరు మదరాసు రాజధానిలో ఉన్నది. 1953లో ఆంధ్రరాష్ట్రంలోకి వచ్చినది. 1956లో అది ఆంధ్రప్రదేశ్ అయినది. సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు మదరాసు రాష్ట్రంలో చెంగల్పట్టు జిల్లాకు చేరినవి; సత్యవేడు ప్రాంతం అటు పోయినది. మా బండి ఒక రాష్ట్రంలో పడుకొని ఇంకొక రాష్ట్రంలో లేచినది. 1969లో ఆ రాష్ట్రం పేరు తమిళనాడు అయినది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినది. కొట్టంలోనుంచి కదలకుండానే ఇన్ని ఊరేగింపులు చేసిన బండి మరొకటి ఉంటుందా?

నవ్వుకోవడానికి బాగున్నది గాని, ఆనాడు నవ్వు రాలేదు. మునుపు నగరికి పోవడమంటే ప్రక్క ఊరికి పోవడమే. ఆ ఏప్రిల్ నుంచి అది మరొక రాష్ట్రానికి పోవడం. సరకు బండి అవతలకు పోవాలంటే పర్మిటు మీద ఆ రాష్ట్రంవారి సంతకం కూడ కావలె. తాతగారికి అటువైపు బాకీలు ఉన్నవి, చుట్టాలున్నారు, రెండు తరాల వ్యాపారపు నమ్మకం ఉన్నది. ఏది ఉంచుకోవలె, ఏది విడువవలె అని ఇంట్లో నెలల తరబడి మాటలు జరిగినవట. చివరకు నూలు మదరాసు వైపు, చుట్టరికం నగరి వైపు అని తీర్పు చేసుకొన్నారు. సరకు లేకుండ చుట్టాల పెండ్లికి పోయేటప్పుడు కూడ తొట్టిని చీపురుతో ఊడ్చి మరీ పోయేవారు. ఒక్క నూలుపోగు కనిపించినా ప్రశ్నలు వచ్చేవట.

అమెరికా కంపెనీలు ఎందుకు పోయినవో కూడ చెప్పుకొందాము. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, ఊరికే విడిభాగాలు తెచ్చి బిగించేవారు కాక, ఇక్కడే తయారుచేసేవారు మాత్రమే ఉండవలెనని ప్రభుత్వం 1953లో నిర్ణయించినది. ఫోర్డు, జనరల్ మోటార్సు తమ బిగింపు పని మూసుకొన్నవి. 1954లో టాటా-మెర్సిడెస్ లారీలు వచ్చినవి. మదరాసు ఎన్నూరులో అశోక్ లేలాండు మొదలైనది. డాడ్జి, ఫార్గో మాత్రం నిలిచినవి. ఏమంటే బొంబాయి కుర్లాలో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1947 నుంచి క్రైస్లర్ అనుమతితో ఆ లారీలు చేస్తూ వచ్చినారు. మా బండికి చాల కాలం విడిభాగాలు దొరకడానికి కారణం ఇదే. దొరకనివి మదరాసు పుదుప్పేటలో దొరికేవి. అక్కడా దొరకనివి కమ్మరి చేసేవాడు.

ఆ పాత ఇంజన్లకు మనవారు ఇచ్చిన మర్యాదకు మరొక కారణం ఉన్నది. వాటిలో దాచిన రహస్యమేమీ లేదు. బానెట్టు ఎత్తితే కార్బురేటరు, డైనమో, ప్లగ్గులు అన్నీ చేతికందుతవి. నడుమ నేల కనిపిస్తుంది. వాల్వులు ప్రక్కన ఉంటవి గనుక పై మూత విప్పితే చాలు, చెట్టు క్రింద కూర్చొని నూరుకోవచ్చును. అణచివేత తక్కువ కాబట్టి మట్టు పెట్రోలుకు కూడ మూతి ముడవదు. బ్యాటరీ చచ్చితే ముందు హ్యాండిలు పెట్టి త్రిప్పవచ్చును. డ్యాషుబోర్డు మీద బిగించిన ఇత్తడివంటి పలకపై ఏ గేరులో ఎంత వేగం మించకూడదో చెక్కి ఉండేది. చదువు తక్కువైన సిపాయి కూడ నేర్చుకోవలెనని చేసిన బండి, చదువు తక్కువైన మా తాతగారికి గురువైనది. ఆయన ఇంగ్లీషు అక్షరాలు నేర్చినది ఆ పలక మీదనే.

1960లలో పెట్రోలు ఖర్చు భరించలేక దానికి డీజిలు ఇంజను వేయించినారు. మదరాసు సెంబియంలో సింప్సన్ కంపెనీవారు పెర్కిన్స్ డీజిలు ఇంజన్లు చేస్తూ ఉండేవారు. పాత అమెరికా లారీలకు ఆ ఇంజన్లను దింపడం అప్పుడు పెద్ద వృత్తి. ఆ విధంగా మా బండికి అమెరికా ఎముకలు, ఇంగ్లండు జాతి గుండె, తిరుత్తణి టేకు ఒళ్ళు వచ్చినవి. ఆకుపచ్చ సైన్యపు రంగు పోయి నీలం రంగు వచ్చినది. వెనుక పలక మీద పసుపు అక్షరాలతో “శ్రీ సుబ్రహ్మణ్యస్వామి తోడు – తిరుత్తణి” అని తెలుగులో వ్రాయించినారు. చుట్టుప్రక్కల లారీలన్నిటి మీద ‘తుణై’ అని ఉంటే మా దాని మీద ‘తోడు’ అని ఉండేది. మాట రెండు భాషలలో ఒకటే, దేవుడూ ఒకడే.

మేము ఆ బండిని ఎరిగినది 1980లలో, దాని ముసలితనంలో. అప్పటికి దూరపు సరకులు మానివేసి ఊళ్ళో ఇటుక, కలప మాత్రం మోసేది. ఉదయం అది ఒకసారి దగ్గి, రెండవసారి దగ్గి, మూడవసారికి అందుకొంటే ఇంట్లో అందరూ కాఫీ త్రాగేవారు. ఆదివారాలు పిల్లలందరినీ తొట్టిలో ఎక్కించుకొని తాతగారు చెరువుగట్టు దాకా తిప్పేవారు. కుడి సీటులో కూర్చొని “రైట్!” అనే ఉద్యోగం వయస్సు ప్రకారం వంతులవారీగా వచ్చేది. మా జీవితంలో మేము పొందిన మొదటి ఉద్యోగం అదే. జీతం ఒక కమ్మరకట్టు. తాతగారు పోయిన తరువాత దానిని నడిపేవారు లేక, వేపచెట్టు ప్రక్క కొట్టంలో పెట్టినారు. నాయన ఉన్నన్నాళ్ళు ఆయుధపూజనాడు కడిగి గుమ్మడికాయ కొట్టేవారు.

మూడేండ్ల క్రిందట ఆ కొట్టం ఉన్న స్థలం పంపకానికి వచ్చినది. అదే సమయంలో నగరంనుంచి ఒక వ్యాపారి వచ్చి బండికి 1,20,000 రూపాయలు ఇస్తానన్నాడు. అతనికి బండి మొత్తం అక్కరలేదు. ముందుభాగం కోసి, దీపాలు పెట్టి, ఒక హోటలు గోడకు తగిలిస్తాడట. మిగిలినది తూకానికి పోతుంది. తాతగారికి అయిదుగురు సంతానం, అయిదు వంతులు. మా చిన్నాయనలు ఇద్దరూ అమ్మవలెనన్నారు. వారిని తప్పుపట్టడానికి లేదు. ఒక చిన్నాయన కంటి ఆపరేషనుకు, ఇంకొకరు మనుమరాలి కాలేజీ చేరికకు డబ్బు చూచుకొంటున్నారు. చెడిన ఇనుము కోసం మనిషి కన్ను ఆగవలెనా అన్నారు. ఆ మాటకు ఎదురు చెప్పగలవారు లేరు.

అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో ఉన్న మా అక్క కొడుకు వేరొక సంగతి చెప్పినాడు. అతడుండే చోటికి దగ్గరలో వారెన్ అనే ఊళ్ళో 1938లో మొదలైన డాడ్జి లారీల ఫ్యాక్టరీ ఉన్నది. యుద్ధకాలంలో ఇటువంటి సైన్యపు బండ్లు అక్కడనే తయారైనవి. అక్కడి పాతబండ్ల ప్రదర్శనలలో దీనికి మంచి గౌరవం ఉన్నదట. “మామా, మనం డీజిలు ఇంజను తీసేసి అసలు ఇంజను వెదికి వేద్దాము. టేకు తొట్టి తీసేసి ఇనుప తొట్టి పెడదాము. ఆకుపచ్చ రంగు వేసి తెల్ల నక్షత్రం గీయిద్దాము. అప్పుడే దానికి విలువ” అన్నాడు. మన దేశంలో కూడ 2021లో వచ్చిన నియమాలలో ఏబది ఏండ్లు దాటిన పాత బండ్లకు ‘వి.ఏ.’ అక్షరాలతో ప్రత్యేక నమోదు ఉన్నది గాని, అవి మొదటి రూపులోనే ఉండవలె, వ్యాపారానికి వాడకూడదు. మాది జీవితమంతా వ్యాపారం చేసినది. మొదటి రూపు ఎప్పుడో పోయినది. ఆ లెక్కన మా బండి పాతదే గాని, పాతబండి కాదు!

మేము ఈ సంగతి చాల రోజులు రైలులో కూర్చొని ఆలోచించినాము. అమెరికావారు మొదటి రూపును కాపాడుతారు. అది వారి పద్ధతి, మంచి పద్ధతే. ఫ్యాక్టరీ ఎదుట నిలిచిన వారికి ఫ్యాక్టరీ పని ముద్దు. కాని మా బండి ఇంతకాలం బ్రతికినది మారడం వల్లనే. పెట్రోలు దొరకకపోతే డీజిలుకు మారినది, ఇనుము తుప్పుపడితే టేకుకు మారినది, రాష్ట్రం మారితే సరకు మార్చినది. తెల్ల నక్షత్రం దాని మీద ఉన్నది రెండు మూడేండ్లు. నీలం రంగు, తెలుగు అక్షరాలు నాలుగు దశాబ్దాలకు పైబడి. ఆ నాలుగు దశాబ్దాలను గీకివేసి రెండేండ్లను పైకి తెస్తే అది ఎవరి బండి అవుతుంది? ఈ ప్రాంతపు తెలుగువారి కథ కూడ ఇటువంటిదే గదా! మన మాటలో తమిళం కలిసినది, తిండిలో కలిసినది, కలిసినందువల్లనే మిగిలినాము. మొదటి రూపులో లేరని ఎవరైనా అంటే అననిద్దాము.

చివరి మాట మేనత్తది. ఆమెకు ఎనభై దాటినవి. “అమ్మితే మొత్తం అమ్మండిరా అబ్బీ, ఎవరైనా ఎక్కి తిరగనీ. మొహం కోసి గోడకు తగిలించేదానికి మాత్రం నేను ఒప్పను. అదేమన్నా దుప్పి తలకాయా?” అన్నది. ఉంచుకొనేవారు అమ్మేవారికి వారి వంతు డబ్బు ఇవ్వవలెనని పెదనాయన కొడుకు తీర్పు చెప్పినాడు. వంతుకు 24,000, ఇద్దరు చిన్నాయనలకు కలిపి 48,000. మిగిలిన మూడు వంతులవారము తలా 16,000 వేసుకొన్నాము. మా పదహారు వేలలో సగం అక్క కొడుకు పంపినాడు. నక్షత్రం సంగతి మళ్ళీ ఎత్తలేదు. చిన్నాయన కంటికి ఆపరేషను బాగా జరిగినది. ఆయన కట్టు విప్పిన తరువాతి వారమే కొట్టానికి వచ్చి, “రంగు ఇంత వెలిసిపోయిందని నాకిప్పుడే తెలిసింది” అన్నాడు.

వెలిసిన రంగు వేయించబోతే ఇంకొక చిక్కు వచ్చినది. ఊళ్ళో బోర్డులు వ్రాసే పెయింటరు మంచి పనివాడే, కాని తెలుగు అక్షరాలు రావు. ఒకప్పుడు వ్రాసినాయన కాలం చేసి చాల ఏండ్లయినది. 2006లో వచ్చిన చట్టం తరువాత మన పిల్లలు బడిలో తమిళమే మొదటి భాషగా చదువుకొంటున్నారు. అన్నం పెట్టే భాష నేర్వవలసినదే. మేమూ దానితోనే బ్రతుకుతున్నాము. అయితే ఇంటి భాష చదవడం వచ్చినవారు ఇంటికి ఒకరైనా లేకపోతే, బండి మీద ఏమి వ్రాసి ఉన్నదో చెప్పేవారెవరు?

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, చెరిగిపోతున్న అక్షరాల మీద తెల్లకాగితం పరచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసినది. ‘తిరుత్తణి’లో ‘త’ క్రింద వ్రేలాడేది ఏమిటని అడిగినది. ఒత్తు అన్నాము. తమిళంలో ఒత్తులు లేవు గదా, పైన చుక్క పెడితే సరి. “నాయనా, తెలుగులో ఒక అక్షరం ఇంకొక అక్షరాన్ని ఎత్తుకుంటుందా?” అన్నది. అంత బాగా మాకెవరూ చెప్పలేదు. ‘సుబ్రహ్మణ్యస్వామి’ దగ్గరకు వచ్చేసరికి ఒత్తులు గుత్తులైనవి. ఆ ఒక్క పేరు పట్టుకొని ఆమె ఒక సాయంత్రం కూర్చొన్నది. పెయింటరు ఆ అచ్చు చూచి గీసినాడు. తప్పు పోయిన చోట ఆమె దిద్దించినది. ఇప్పుడు ఆమె మన పత్రికలో శీర్షికలు కూడబలుక్కొని చదువుతున్నది. ఈ వ్యాసం శీర్షిక చదివితే అర రూపాయికి బదులు అయిదు రూపాయల కమ్మరకట్టు కొనిపెడతామని చెప్పినాము.

చదువరులకు ఒక మనవి. మీ ఇండ్లలో కూడ ఇటువంటి బండ్ల ఫోటోలు, లైసెన్సు కాగితాలు, పెద్దల మాటలు ఉండి ఉంటవి. బండి పేరేమి, ఎప్పుడు కొన్నారు, ఏమి మోసినది, ఎవరు నడిపినారు, ఎవరు “రైట్” చెప్పినారు అని ఒక కాగితం మీద తెలుగులో వ్రాసి, ఫోటో వెనుక అంటించి పెట్టండి. ఫోటో చూచి బండిని గుర్తుపట్టే పెద్దవారు ప్రతి ఏటా తగ్గుతున్నారు.

ఆడికృత్తికకు తిరుత్తణి వచ్చే మన సంఘంవారు 365 మెట్లు ఎక్కి స్వామిని చూచుకొని, తీరిక ఉంటే మా కొట్టానికి కూడ రావలసినది. బండి నడవదు గాని కూర్చోనిస్తుంది. ఎక్కేటప్పుడు మాత్రం కుడిప్రక్కనుంచి ఎక్కి జరగండి. ఎడమప్రక్క స్టెప్నీ అడ్డం.